హస్తవాసి ఉందా, లేదా?

2006 ఫిబ్రవరి. న్యూజెర్సీలో మంచు విపరీతంగా కురిసిన నెల అది. మా వాడు అప్పుడు తొమ్మిదో తరగతి. బడి బాస్కెట్‌బాల్ జట్టులో వాడికి చోటు దొరికిన మొదటి ఏడాది. ఆ సాయంత్రం ఆట చివరి భాగంలో వాడు వరసగా అయిదు బంతులు బుట్టలో వేశాడు. తోటి పిల్లలంతా వాడికే బంతి అందించడం మొదలుపెట్టారు. మా ఆవిడ లేచి నిలబడి, చుట్టూ ఉన్నవాళ్ళకి అర్థం కాదన్న ధైర్యంతో కాబోలు, "అదీ నాన్నా, వెయ్యి!" అని తెలుగులో కేకలు పెట్టింది. ఆరో బంతి ఇనపరింగు చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి బయటికి పడింది. అయినా జట్టు గెలిచింది.

కారు ఎక్కగానే వాడు, "చూశావా నాన్నా? ఐ వాజ్ హాట్!" అన్నాడు. కళ్ళు మెరిసిపోతున్నాయి.

నేను వాల్తేరులో గణాంకశాస్త్రంలో ఎమ్మెస్సీ చేసినవాణ్ణి. మందుల కంపెనీలో, కొత్త మందు పనిచేస్తోందో లేదో లెక్క కట్టి చెప్పడం నా ఉద్యోగం. అలాంటివాడు ఊరుకుంటాడా? "అదంతా భ్రమరా కన్నా. సగం బంతులు వేసేవాడికి అప్పుడప్పుడు వరసగా అయిదు పడడం మామూలే. నాణెం ఎగరేసినా పడతాయి. 1985లోనే పరీక్ష చేసి తేల్చేశారు" అన్నాను. వాడు కిటికీలోంచి మంచుకేసి చూస్తూ కూర్చున్నాడు. "వాడు సంతోషంగా ఉంటే మధ్యలో లెక్కలెందుకండీ?" అంది మా ఆవిడ.

నేను అక్కడితో ఆగలేదు. ఆ సీజను పొడుగునా ఒక నోటుపుస్తకంలో వాడు వేసిన ప్రతి బంతినీ పడితే 1, పడకపోతే 0 అని రాసిపెట్టుకున్నాను. 90 బంతుల దాకా పోగయ్యాయి. ఒక ఆదివారం కూర్చుని లెక్క కట్టి, "చూడు, నీ వరసల్లో ఏమీ లేదు" అని వాడి ముందు పెట్టాను. వాడు చూసి, "ఓకే" అన్నాడు. ఆ తరవాత ఆట గురించి నా దగ్గర ఎత్తడం మానేశాడు.

నేను ఆ రోజు వాడితో అన్న మాట ఎక్కడ పుట్టింది, ఎలా పెరిగింది, చివరికి ఏమైంది అన్నదే ఈ వ్యాసం.

ముందుగా ఒక మాట. ఇంగ్లీషువాళ్ళు 'వేడి చెయ్యి' అనే దాన్ని మనం ఎప్పటినుంచో ఎరుగుదుం. మనకది చలవ. మా నాయనమ్మ నాటిన బీరపాదు పందిరంతా అల్లుకుంటే "ఆవిడ చేతిచలవ" అనేవారు. మా ఊరి డాక్టరుగారికి డిగ్రీల కన్నా హస్తవాసి గొప్పదనేవారు. ఆయన ఇచ్చిన మాత్రే ఇంకొకరు ఇస్తే పనిచెయ్యదని మా నాయనమ్మ నమ్మకం. నయమైనవాళ్ళు ఊరంతా చెబుతారు, నయం కానివాళ్ళు చెప్పడానికి మిగలరు అన్న చిక్కు ఆవిడకి తట్టలేదు. అయితే అలా ఎంచి ఎంచి లెక్కపెట్టే చిక్కు మహామహా పండితులకీ తట్టలేదని ఈ కథ చివర తెలుస్తుంది.

బాస్కెట్‌బాల్ పుట్టింది 1891 డిసెంబరులో, మాసచూసెట్స్ రాష్ట్రంలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో. అక్కడి వై.ఎం.సి.ఎ. శిక్షణ కళాశాలలో జేమ్స్ నైస్మిత్ అనే కెనడా దేశస్థుడు వ్యాయామం నేర్పేవాడు. చలికాలంలో బయట ఆడుకోలేక విసుగెత్తిపోయిన విద్యార్థులకి నాలుగు గోడల మధ్య ఆడుకునే ఆట ఏదైనా కనిపెట్టమని పైవాళ్ళు ఆయనకి పని పెట్టారు. ఆయన పీచ్ పళ్ళ బుట్టలు రెండు తెప్పించి, వ్యాయామశాల వసారా కమ్మికి పది అడుగుల ఎత్తున కొట్టించి, 13 నియమాలు రాసి గోడకి అంటించాడు. జట్టుకి తొమ్మిదిమంది, ఆడేది ఫుట్‌బాల్‌తో. ఆ మొదటి ఆటలో పడ్డ బంతి మొత్తం ఒక్కటే! బుట్టకి అడుగు ఉండేది కనక, పడినప్పుడల్లా ఎవరో ఒకరు ఎక్కి బంతి తియ్యవలసి వచ్చేది.

గణాంకాలవాళ్ళకి ఈ ఆట మీద మోజు కలగడానికి కారణం సులభమే. వేసిన ప్రతి బంతికీ రెండే ఫలితాలు, పడడం లేదా పడకపోవడం. నాణేనికి బొమ్మా బొరుసూ ఉన్నట్టే. పైగా ఒక్క ఆటలోనే ఒక మనిషి ఇరవైసార్లు వేస్తాడు. ఇంతకన్నా శుభ్రమైన లెక్క ఇంకెక్కడ దొరుకుతుంది?

లెక్క దొరికితే చాలదు, దాన్ని ప్రశ్నించే పద్ధతి కావాలి. అది ఇంగ్లండులో ఒక టీ కప్పు దగ్గర మొదలైందని చెప్పుకుంటారు. 1920ల తొలినాళ్ళలో రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో రొనాల్డ్ ఫిషర్ పనిచేసేవాడు. ఒక సాయంత్రం ఆయన మ్యూరియల్ బ్రిస్టల్ అనే శాస్త్రవేత్తకి టీ అందిస్తే, ముందు పాలు పోసి తరవాత టీ పొయ్యకపోతే రుచి బాగుండదని ఆవిడ పుచ్చుకోలేదట. ఏది ముందు పోస్తే ఏమిటన్నాడు ఫిషర్. రుచి చూసి చెప్పగలనంది ఆవిడ. డికాషన్‌లో పాలు కలపాలా, పాలలో డికాషన్ కలపాలా అని మన ఇళ్ళలో జరిగే వాదం లాంటిదే. తేడా ఏమిటంటే, వాళ్ళు వాదించుకోకుండా పరీక్ష పెట్టుకున్నారు.

ఫిషర్ 1935లో అచ్చువేసిన ప్రయోగ రచన పుస్తకంలో, ఆవిడ పేరు చెప్పకుండా, ఈ పరీక్షని వివరించాడు. ఎనిమిది కప్పులు: నాలుగింటిలో పాలు ముందు, నాలుగింటిలో టీ ముందు. ఏవి ఎక్కడున్నాయో తెలియకుండా కలిపేసి ఇవ్వాలి. పాలు ముందు పోసినవి ఏ నాలుగో ఆవిడ ఏరాలి. ఎనిమిదింటిలో నాలుగుని 70 రకాలుగా ఏరవచ్చు. ఆవిడకి ఏ శక్తీ లేదనీ, గుడ్డిగా ఏరుతోందనీ అనుకుందాం. ఈ అనుకోలుకే శూన్య పరికల్పన అని పేరు. అప్పుడు నాలుగూ సరిగ్గా ఏరే అవకాశం 70లో 1, అంటే నూటికి ఒకటిన్నర కన్నా తక్కువ. నాలుగూ సరిగ్గా చెప్పిందంటే గుడ్డిగా చెప్పిందని నమ్మడం కష్టం. అదే మూడు సరిగ్గా చెప్పి ఒకటి తప్పితే? కనీసం మూడు గుడ్డిగా తగిలే అవకాశం 70లో 17, నూటికి 24. అది చాలదు. నూటికి అయిదు అన్న గీతని వాడుకలోకి తెచ్చింది కూడా ఫిషరే, 1925లో వచ్చిన ఆయన మొదటి పుస్తకంతో.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఒక కప్పు తప్పిన మాత్రాన ఆవిడకి శక్తి లేదని రుజువైనట్టేనా? కాదు. ఉందని రుజువు కాలేదు, అంతే. న్యాయస్థానంలో సాక్ష్యం చాలక ముద్దాయిని వదిలేస్తే అతను నేరం చెయ్యలేదని అర్థం కాదు కదా! యెర్జీ నేమన్, ఈగన్ పియర్సన్ అనే ఇద్దరు 1933లో ప్రచురించిన పత్రంలో ఈ రెండు రకాల పొరపాట్లనీ విడదీసి లెక్కలోకి తెచ్చారు. లేనిదాన్ని ఉందనడం మొదటి రకం. ఉన్నదాన్ని పట్టుకోలేకపోవడం రెండో రకం. కప్పులు మరీ తక్కువైతే రెండో రకం పొరపాటు పెరిగిపోతుంది. ఫిషర్‌కి వాళ్ళిద్దరితో జన్మంతా పడలేదు. కాని ఈనాడు పాఠ్యపుస్తకాల్లో మనం చదివేది ఇరుపక్షాల వాదాలూ కలిపి వండిన పులిహోర.

ఈ వంటలో మన తెలుగువాడి చెయ్యీ ఉంది. కల్యంపూడి రాధాకృష్ణ రావుగారు 1920లో, ఈనాటి కర్ణాటకలో ఉన్న హడగళ్లిలో తెలుగు కుటుంబంలో పుట్టారు. ఎనిమిదో సంతానం కనక కృష్ణుడి పేరు పెట్టారు. విశాఖపట్నంలో చదువుకుని, ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితంలో ఎమ్మే పట్టా పుచ్చుకున్నారు. యుద్ధకాలంలో ఉద్యోగం కోసం కలకత్తా వెళ్ళి, 1941లో మహలనోబిస్ స్థాపించిన ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరారు. తరవాత కేంబ్రిడ్జి వెళ్ళి ఆ ఫిషర్ దగ్గరే 1948లో డాక్టరేటు పొందారు. అదే ఏడాది ఆయన ప్రచురించిన పరీక్షని ఈనాటికీ రావ్ స్కోర్ పరీక్ష అంటారు.

బాస్కెట్‌బాల్ స్కోరుకీ దీనికీ సంబంధం లేదు. ఇక్కడ స్కోరంటే వాలు. ఒక కొండ ఊహించుకోండి. మన అంచనాలు చేతిలో ఉన్న లెక్కలకి ఎంత బాగా సరిపోతే అంత ఎత్తున ఉన్నట్టు. శూన్య పరికల్పన ఆ కొండ మీద ఒక చోట నిలబడి "ఇదే శిఖరం" అంటుంది. అది నిజమో కాదో తేల్చడానికి కొండంతా ఎక్కనక్కరలేదు, నిలబడ్డచోట నేల వాలు చూడండి అన్నారు రావుగారు. దాదాపు చదునుగా ఉంటే శిఖరం దగ్గరే ఉన్నాం. వాలు నిటారుగా ఉంటే శిఖరం ఇంకెక్కడో ఉంది. మా వాల్తేరు తరగతి గదిలో ఈ పాఠం చెప్పేటప్పుడు మా మేష్టారి గొంతులో కాస్త గర్వం ధ్వనించేది. ఆయన చదివిన చోటే మనమూ చదువుతున్నామని మాకూ ఛాతీ పొంగేది.

నేను అమెరికాలో దిగింది 1983లో, ఫిలడెల్ఫియా సెవెంటీసిక్సర్స్ జట్టు లాస్ ఏంజెలస్ లేకర్స్‌ని నాలుగుకి నాలుగు ఆటల్లో ఓడించి విజేత అయిన ఏడాది. ఊరంతా జూలియస్ ఎర్వింగ్ బొమ్మలే. ఆటంటే కబడ్డీ, క్రికెట్ మాత్రమే తెలిసిన నేను ఆ జట్టుని చూసే ఈ ఆట నేర్చుకున్నాను. రెండేళ్ళు తిరిగేసరికి అదే జట్టు నా శాస్త్రంలోకి కూడా వచ్చింది.

1985లో థామస్ గిలోవిచ్, రాబర్ట్ వలోనీ, ఏమస్ ట్వెర్‌స్కీ అనే ముగ్గురు మనస్తత్త్వ శాస్త్రవేత్తలు ఒక పత్రం ప్రచురించారు. ముందుగా కోర్నెల్, స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయాల్లో వందమంది అభిమానుల్ని అడిగారు: రెండు మూడు బంతులు వరసగా వేసినవాడు తరవాతది వేసే అవకాశం, రెండు మూడు తప్పినవాడి కన్నా ఎక్కువా? 91 మంది అవునన్నారు. సగం బంతులు వేసే ఆటగాడైతే, ఒకటి పడ్డాక తరవాతది పడే అవకాశం నూటికి 61 అనీ, ఒకటి తప్పాక 42 అనీ వాళ్ళ సగటు అంచనా.

ఇక నిజం ఏమిటో చూడాలంటే ఏ బంతి తరవాత ఏ బంతి అన్న వరస కావాలి. ఆ రోజుల్లో అలాంటి లెక్క రాసిపెట్టిన జట్టు సిక్సర్స్ ఒక్కటే. రాసినవాడు హార్వీ పొలాక్. 1962లో విల్ట్ ఛాంబర్లిన్ ఒకే ఆటలో 100 పాయింట్లు చేసిన రాత్రి, కాగితం మీద '100' అని రాసి అతని చేతికిచ్చి ఫొటో తీయించినవాడు ఈయనే. 1980-81 సీజనులో సిక్సర్స్ సొంతగడ్డ మీద ఆడిన 48 ఆటల లెక్కలు ఆయన దగ్గర ఉన్నాయి. ఆ ఏడాది ఆ జట్టు 62 ఆటలు గెలిచి 20 ఓడింది.

తొమ్మిదిమంది ఆటగాళ్ళ లెక్కలు తీశారు. మొత్తం మీద బంతి పడేది నూటికి 52. ఒకటి పడ్డాక 51. రెండు వరసగా పడ్డాక 50. మూడు వరసగా పడ్డాక 46! మూడు వరసగా తప్పాక మాత్రం 56. అభిమానులు అనుకున్నదానికి సరిగ్గా ఎదురు. ఒకటి పడ్డాక కాస్త మెరుగ్గా వేసినవాడు తొమ్మిదిమందిలో ఎర్వింగ్ ఒక్కడే, అదీ 51కీ 53కీ ఉన్నంత తేడా. 1979లో రెండుసార్లు బుట్ట వెనక అద్దం పగలగొట్టిన డారిల్ డాకిన్స్ అయితే, ఒకటి పడ్డాక 57, తప్పాక 71.

వాళ్ళు వాడిన పరీక్షల్లో ఒకటి వరసల పరీక్ష. పడ్డవి, తప్పినవి వరసగా రాసి, ఎన్ని గుంపులున్నాయో లెక్కపెట్టడమే. చెయ్యి నిజంగా వేడెక్కితే పడ్డవన్నీ ఒకచోట, తప్పినవన్నీ ఒకచోట చేరి గుంపులు తగ్గాలి. అవి తగ్గలేదు. నా నోటుపుస్తకంలో నేను వాడిందీ ఇదే. దీన్ని తయారుచేసిన ఇద్దరిలో ఒకడు అబ్రహాం వాల్డ్. ఆ మహానుభావుడు 1950 డిసెంబరులో ఉపన్యాసాలివ్వడానికి భారతదేశం వచ్చి, నీలగిరుల్లో విమాన ప్రమాదంలో పోయాడు.

ఆటలో ఎదుటివాళ్ళు అడ్డుకుంటారు కదా, వేడెక్కినవాణ్ణి ఇంకా గట్టిగా కాస్తారు కదా అని మీరడగవచ్చు. వాళ్ళూ అదే అనుకుని ఇంకో రెండు చోట్ల చూశారు. బోస్టన్ సెల్టిక్స్ జట్టు ఫ్రీ త్రోలు ఒకటి. అక్కడ అడ్డేవాడు ఉండడు. లారీ బర్డ్ రెండింటిలో మొదటిది వేశాక రెండోది వేసింది నూటికి 88, మొదటిది తప్పాక 91. రెండోది కోర్నెల్‌లో ప్రత్యేకంగా పెట్టిన ప్రయోగం. 26 మంది విద్యార్థి ఆటగాళ్ళు, తలా వంద బంతులు, అడ్డు లేదు, దూరం కూడా ఎవరికి వారు సగం వేసేంత. అక్కడా ఏమీ కనిపించలేదన్నారు.

పత్రికలవాళ్ళు ఈ సంగతి బోస్టన్ జట్టుని తొమ్మిదిసార్లు విజేతగా నిలబెట్టిన రెడ్ ఆవర్‌బాక్‌ దగ్గర ఎత్తితే, ఎవరో ఏదో అధ్యయనం చేస్తే నాకేమిటి అన్నట్టు కొట్టిపారేశాడాయన. మా శాస్త్రంవాళ్ళకి అది ఇంకా ముచ్చటైంది. ఏళ్ళ తరబడి ఆట నేర్పినవాడు కూడా సాక్ష్యాన్ని చూడడానికి నిరాకరిస్తున్నాడంటే మనిషికి భ్రమ ఎంత బలమైనదో చూడండి అని తరగతుల్లో చెప్పుకునేవాళ్ళం. ట్వెర్‌స్కీ 1996లో పోయాడు. ఆయనతో కలిసి పనిచేసిన డానియల్ కానమన్‌కి 2002లో నోబెల్ బహుమతి వచ్చింది. దాంతో ఈ కథకి ఇంకా పేరొచ్చింది. నేను కారులో మా వాడితో అన్న మాట ఆ పేరు చూసుకుని అన్నదే.

కాలం గడిచింది. వాడు చదువు పూర్తిచేసి, ఉద్యోగంలో చేరి వేరే ఊరు వెళ్ళాడు. 2023లో రావుగారికి అంతర్జాతీయ గణాంకశాస్త్ర బహుమతి ప్రకటించారు. ఆ ఆగస్టు 22న, 102 ఏళ్ళ వయసులో, ఇక్కడే బఫెలోలో ఆయన కన్నుమూశారు. ఆ వారం నేను నేలమాళిగలోని పెట్టెలు దింపి, వాల్తేరు నాటి నోట్సు వెతికాను. దాని కింద మా వాడి బంతుల పుస్తకం దొరికింది. ఆఖరి పేజీలో నా దస్తూరీతో "ఫలితం: హస్తవాసి లేదు" అని ఉంది, రెండు గీతలు కొట్టి మరీ. సరే, ఈ సంగతి ఈమధ్య ఎంతదాకా వచ్చిందో చూద్దామని చదవడం మొదలుపెట్టాను. అప్పటికి ఉద్యోగం మానేశాను కనక తీరికే.

మొదట కనిపించింది 2014లో హార్వర్డ్‌వాళ్ళు చేసిన పని. అప్పటికి ఆటస్థలాల పైకప్పుల్లో కెమెరాలు వచ్చాయి. ఎవరు ఎక్కడినుంచి వేశారో, అడ్డేవాడు ఎంత దగ్గరున్నాడో అన్నీ తెలుస్తాయి. 2012-13 సీజనులోని 83,000 బంతులు చూస్తే, వరసగా పడినవాడు తరవాత ఇంకా దూరంనుంచి, ఇంకా కష్టమైన బంతులు వేస్తాడనీ, అతన్ని ఇంకా దగ్గరగా కాస్తారనీ తేలింది. ఆ కష్టాన్ని లెక్కలోంచి తీసేస్తే చెయ్యి కాస్త వేడెక్కినట్టే కనిపించింది. గత నాలుగింటిలో ఒకటి ఎక్కువ వేసినవాడికి అవకాశం నూటికి ఒకటి, రెండు పెరిగింది. చిన్నదే, కాని సున్నా కాదు.

అసలు దెబ్బ 2018లో తగిలింది. జాషువా మిల్లర్, ఆడమ్ సాన్‌హుర్హో అనే ఇద్దరు అర్థశాస్త్రవేత్తలు 1985 నాటి కొలబద్దలోనే లోపం ఉందని చూపించారు. నేను మొదట నమ్మలేదు. మీరు కూడా నమ్మకండి, కాగితం కలం తీసుకోండి.

ఒక నాణేన్ని మూడుసార్లు ఎగరెయ్యండి. బొమ్మ పడిన వెంటనే మళ్ళీ బొమ్మ పడడం నూటికి ఎంత? 50 అంటాం. ఇప్పుడు 8 రకాల వరసలూ రాయండి. వాటిలో రెండింట్లో (బొరుసు-బొరుసు-బొమ్మ, మూడూ బొరుసులు) బొమ్మ తరవాత ఎగరేసిందే లేదు కనక వదిలెయ్యాలి. మిగిలినవి ఆరు. మూడూ బొమ్మలైతే నూటికి 100. బొమ్మ-బొమ్మ-బొరుసు అయితే 50. బొరుసు-బొమ్మ-బొమ్మ అయితే 100. మిగతా మూడింట్లో సున్నా. మొత్తం 250ని ఆరుతో భాగించండి. 42 కూడా రాదు! నాణెంలో దోషం లేదు. మూడు బొమ్మల వరసలో రెండు విజయాలున్నా దానికి ఒక్క ఓటే, ఒకే ఒక్క వైఫల్యం ఉన్న వరసకీ ఒక్క ఓటే. అన్ని వరసల్లోవీ ఒకే కుప్పగా పోసి లెక్కపెడితే 8 అవకాశాల్లో 4 విజయాలు, సరిగ్గా 50. వరసకి వరసగా శాతాలు తీసి సగటు కడితే తగ్గిపోతుంది.

మూడింటికే కాదు, వంద సార్లు ఎగరేసినా, వరసగా మూడు బొమ్మల తరవాత బొమ్మ పడేది సగటున 46గా కనిపిస్తుంది. అంటే, కోర్నెల్‌లో వంద బంతులు వేసిన కుర్రవాడికి మూడు పడ్డాక కూడా 50 వచ్చిందంటే, 'మామూలే' అని కాదు అర్థం, మామూలు కన్నా మెరుగు అని. ఈ సవరణ చేసి అదే ప్రయోగాన్ని మళ్ళీ లెక్క కడితే, మూడు పడ్డాక వేసేదానికీ మూడు తప్పాక వేసేదానికీ మధ్య తేడా నూటికి పది పైన ఉంది. హస్తవాసి లేదనడానికి ముప్పై మూడేళ్ళు సాక్ష్యంగా నిలిచిన లెక్కే ఉందనడానికి సాక్ష్యమైంది. అలాగని అభిమానులందరిదీ గెలుపు కాదు. వాళ్ళు అనుకున్నంత వేడి అందరి చేతుల్లోనూ, అన్ని ఆటల్లోనూ ఉందని ఎవరూ చూపలేదు.

నన్ను బాధపెట్టింది ఇది కాదు. ఆ నాణెం లెక్క నా కన్నా మహామహులకే ముప్పై ఏళ్ళు తట్టలేదు. నాకు తెలిసి తెలిసి నేను చేసిన తప్పు వేరే ఉంది. 90 బంతులతో ఏం తేలుతుంది? అంత చిన్న లెక్కలో నిజంగా వేడి ఉన్నా నా పరీక్ష పట్టుకోలేదు. అది నేమన్, పియర్సన్ చెప్పిన రెండో రకం పొరపాటు. ఎమ్మెస్సీ మొదటి ఏడాది పాఠం. ఆఫీసులో ఏ మందు నివేదికలోనూ నేను "ఈ మందు పనిచెయ్యదు" అని రాసి ఎరగను. "పనిచేస్తుందనడానికి ఈ పరీక్షలో ఆధారం చాలలేదు" అనే రాసేవాణ్ణి. కుర్ర ఉద్యోగులు అలా రాయకపోతే ఎర్రసిరాతో దిద్దేవాణ్ణి. ముక్కూ మొహం తెలియని మందు బిళ్ళకి ఇచ్చిన మర్యాద కన్నకొడుక్కి ఇవ్వలేదు.

ఆ రాత్రి మా వాడికి ఫోను చేశాను. రావుగారి గురించి చెప్పి, నాణెం లెక్క చెప్పి, చివరికి అసలు విషయానికి వచ్చాను. "ఆ రోజు నీకు హస్తవాసి లేదని చెప్పాను. అది తప్పు. నాకు తెలియదు అని చెప్పవలసింది" అన్నాను.

"అంటే ఆ రోజు నేను హాట్‌గా ఉన్నట్టేనా?" అన్నాడు నవ్వుతూ.

"అదీ తెలియదురా. ఆ పుస్తకంతో ఎటూ తేలదు."

కాసేపు మాటల్లేవు. తరవాత వాడన్నాడు, "నాన్నా, ఆ రోజు బుట్ట ఇంత పెద్దగా కనిపించింది. బంతి చేతిలోంచి వెళ్ళకముందే పడుతుందని తెలిసేది. అదే నీకు చెబుదామనుకున్నాను."

ఆ మాట పదిహేడేళ్ళుగా వాడి దగ్గరే ఉండిపోయింది. నేను బంతులు లెక్కపెట్టానే గాని, ఎలా ఉంది నాన్నా అని ఒక్కసారి కూడా అడగలేదు.

ఇప్పుడు వాడు ఆదివారాలు తన ఊళ్ళో స్నేహితులతో ఆడతాడు. ఎలా ఆడాడో ఫోనులో చెబుతాడు. నేను పడ్డవెన్ని, తప్పినవెన్ని అని అడగను. నోటుపుస్తకం ఆఖరి పేజీలో పాత మాట కొట్టేసి, దాని కింద "తేల్చడానికి ఈ లెక్క చాలదు" అని రాశాను. ఎర్రసిరాతోనే.